పాత పెన్నుల బేరాల్లో యూపీఐ: డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చింది?

రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు, ఎయిరోమెట్రిక్ (గొట్టం నొక్కి సిరా ఎక్కించే) పార్కర్ 51లు, బంగారు పాళీ ఉన్న పైలట్ కంపెనీ పెన్నులు ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోనే చేతులు మారుతున్నాయి. విజయవాడ నుంచి ఒకరు ఫొటో పెడతారు, కరీంనగర్ నుంచి ఇంకొకరు "నాకు ఉంచండి అన్నా" అంటారు. పది నిమిషాల్లో ఫోన్‌పేలో డబ్బు పడుతుంది, మర్నాడు స్పీడ్ పోస్టులో పెన్ను బయల్దేరుతుంది. ఎక్కువ బేరాలు ఇలా సాఫీగానే తెమిలిపోతాయి. చెడిన బేరాల్లో మాత్రం తరచూ కనిపించే లోపం ఒకటుంది. సొమ్ము ఎవరి పేరున వచ్చింది, ఎవరి పేరుకు వెళ్ళింది అన్నది ఇద్దరిలో ఒకరు చూసుకోరు. మొత్తం ఎంత పడిందో చూస్తారు గానీ పేరు చూడరు.

యూపీఐలో పంపడమంటే ఎదుటివాళ్ళ చేతిలో నోటు పెట్టడమే. మీరే పిన్ కొట్టి పంపిన డబ్బును "వస్తువు బాగాలేదు" అన్న కారణంతో మీ బ్యాంకు గానీ, యాప్ గానీ, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ గానీ వెనక్కి తెచ్చిపెట్టదు. షాపింగ్ సైట్లలో దొరికే రిఫండ్ ఆ సైటు ఇచ్చే హామీ, యూపీఐది కాదు. రూపే క్రెడిట్ కార్డు కలుపుకుని కడితే కార్డు రక్షణ వస్తుందని కొందరు అనుకుంటారు. ఆ కార్డుతో వ్యాపారుల క్యూఆర్‌కు కట్టవచ్చు గానీ మామూలు మనిషి ఖాతాకు పంపడం కుదరదు. కాబట్టి బేరానికి కావలసిన రక్షణంతా డబ్బు కదలకముందే ఇద్దరూ కలిసి కట్టుకోవాలి.

మొదట వస్తువు సంగతి. ఫొటోలు ఎవరివైనా ఎత్తుకొచ్చి పెట్టవచ్చు. పెన్నుల వాళ్ళకు ఉన్న సౌలభ్యం ఏమిటంటే వస్తువే తన రుజువు రాసి ఇస్తుంది. అదే పెన్నుతో తెల్లకాగితం మీద ఆ రోజు తేదీ, కొనేవాళ్ళ పేరు రాయమని అడగండి. సిరా ఎక్కించడం, రాయడం, పాళీ తుడవడం ఒకే వీడియోలో రావాలి. ఫొటో చాలదు, ఫొటోలో అక్షరాలు మార్చడం ఇప్పుడు క్షణాల పని. తర్వాత మూత అంచును వెలుగుకు ఎదురుగా తిప్పి చూపించమనండి, వెంట్రుకంత సన్నని పగుళ్ళు అక్కడే ఉంటాయి. పిస్టన్ పెన్నైతే మరను చివరిదాకా తిప్పి చూపాలి. ఎబొనైట్‌దైతే ఎండ వెలుగులో ఫొటో అడగండి. వేడినీళ్ళలో నానిన ఎబొనైట్ నలుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది, ట్యూబ్‌లైటు కింద ఆ తేడా తెలియదు. ఇవన్నీ అడిగితే చిరాకు పడేవాళ్ళ దగ్గర కొనకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

షరతులన్నీ డబ్బు పంపకముందే ఒక్క మెసేజ్‌లో రావాలి. ఫోన్లో మాట్లాడుకున్నా సరే, అమ్మేవాళ్ళు ఇలా రాసి పంపాలి: "పార్కర్ 51, ఎయిరోమెట్రిక్, నలుపు, మీడియం పాళీ. మూత మీద చిన్న సొట్ట ఉంది. స్పీడ్ పోస్టుతో కలిపి 6,500. రేపు పంపుతాను. ఫొటోల్లో లేని పగులు గానీ లీకు గానీ ఉంటే అందిన 3 రోజుల్లో చెప్పండి, వెనక్కి తీసుకుంటాను, తిరుగు పోస్టు ఖర్చు నాది." కొనేవాళ్ళు దానికి "సరే" అనాలి. ఇంత చిన్న మెసేజే రేపు బ్యాంకుకో పోలీసులకో చూపించాల్సి వస్తే మీ దగ్గరున్న ఒప్పందం.

ఇక పేరు సంగతి. 2025 జూన్ 30 కల్లా యూపీఐ యాప్‌లన్నీ డబ్బు అందుకునేవాళ్ళ పేరును బ్యాంకు రికార్డులో ఉన్నది ఉన్నట్టే చూపించాలని ఎన్‌పీసీఐ చెప్పింది. మనం ఫోన్లో సేవ్ చేసుకున్న ముద్దుపేరు గానీ, అవతలివాళ్ళు యాప్‌లో పెట్టుకున్న పేరు గానీ అక్కడ కనిపించకూడదు. పిన్ కొట్టే ముందు కనిపించే ఆ పేరు, మీరు మాట్లాడుతున్న మనిషి పేరు ఒకటేనా? "అది మా బావమరిది ఖాతా" అన్నారంటే ఆగిపోండి. నిజంగా బావమరిదిదే అయినా సరే, రేపు తేడా వస్తే మీ ఒప్పందం ఒకరితో, మీ డబ్బు ఇంకొకరి దగ్గర.

అమ్మేవాళ్ళకు ఈ పేరు ఇంకా ముఖ్యం, ఎందుకో వివరంగా చెప్పాలి. మోసగాడు మీ దగ్గర 12,000 రూపాయలకు పెన్ను కొంటానని ఒప్పుకుంటాడు. అదే సమయంలో ఇంకెక్కడో ఒక పాత ఫోను 12,000కు అమ్ముతానని ప్రకటన పెడతాడు. ఆ ఫోను కావాలన్న మనిషికి తన ఖాతా ఇవ్వడు, మీ యూపీఐ ఐడీ ఇస్తాడు. ఆ అమాయకుడు మీకు 12,000 పంపుతాడు. మీ ఖాతాలో డబ్బు నిజంగానే పడింది కాబట్టి మోసగాడు చెప్పిన చిరునామాకు మీరు పెన్ను పంపేస్తారు. ఫోను రాని మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తాడు. డబ్బు వెళ్ళింది మీ ఖాతాకే కనుక బ్యాంకు మీ ఖాతాలో ఆ మొత్తాన్ని ఆపేస్తుంది. కొన్నిసార్లు ఖాతా మొత్తం స్తంభించిపోతుంది, జీతం, ఇంటి లోను వాయిదా అన్నీ అందులోనే ఉండిపోతాయి. పెన్నూ పోయె, డబ్బూ పోయె, దొంగ పేరూ మీకే వచ్చె.

దీనికి విరుగుడు ఒక్క రూపాయి. అసలు సొమ్ముకు ముందు కొనేవాళ్ళు ఒక రూపాయి పంపాలి. రిమార్క్స్ గడిలో ఏం రాయాలో అమ్మేవాళ్ళే చెప్పాలి, ఉదాహరణకు "పార్కర్ 51 నలుపు కొనుగోలు". వచ్చిన రూపాయిలో పంపినవాళ్ళ పేరు, చాట్‌లో మాట్లాడుతున్న పేరు, పోస్టు చిరునామాలో ఉన్న పేరు మూడూ ఒకటే కావాలి. అమ్మేవాళ్ళు ఆ పేరును, లావాదేవీకి వచ్చే 12 అంకెల యూటీఆర్ నంబరులో చివరి నాలుగంకెలను తిరిగి చాట్‌లో రాయాలి. మిగతా సొమ్మును కొనేవాళ్ళు ఐడీ మళ్ళీ టైపు చేయకుండా, యాప్‌లో ఆ రూపాయి పంపిన చోటు నుంచే, అదే రిమార్కుతో పంపాలి. పైన చెప్పిన మోసంలో ఇరుక్కున్న మూడో మనిషి "పార్కర్ పెన్ను కొనుగోలు" అని రాయాల్సి వస్తే, ఫోను కొంటూ ఇదేమిటని అక్కడే ఆగుతాడు. ఈ రిమార్కు చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లలో ఎంతో కొంత కనిపిస్తుంది, తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది కూడా.

తరచూ అమ్మేవాళ్ళు దీనికోసం విడిగా ఒక సేవింగ్స్ ఖాతా పెట్టుకోవడం చాలా మంచిది. జీతం పడే ఖాతాను ఏ గ్రూపులోనూ ఇవ్వవద్దు. యూపీఐ ఐడీ కూడా ఫోన్ నంబరుతో ఉన్నది కాకుండా వేరే పేరుతో పెట్టుకోండి, చాలా యాప్‌లలో ఆ వీలుంది. ఒకవేళ ఖాతాలో సొమ్ము ఆపేస్తే బ్యాంకును అడగాల్సినవి రెండు: ఫిర్యాదు నంబరు, ఏ ఊరి ఏ పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిందన్న వివరం. బేరం మెసేజ్, వీడియో, పోస్టు రసీదు, ట్రాకింగ్ వివరాలు జతచేసి అటు పోలీసులకూ ఇటు బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోన్లో చెప్పిన మాట ఫైల్లోకి ఎక్కదు.

డబ్బు పడిందో లేదో స్క్రీన్‌షాట్ చూసి నమ్మవద్దు. అచ్చం అసలు యాప్‌లాగే ఆకుపచ్చ టిక్కు చూపించే నకిలీ యాప్‌లున్నాయి. ఎస్సెమ్మెస్‌నూ నమ్మవద్దు. "పొరపాటున 5,000 బదులు 50,000 పంపేశాను, మిగతాది తిరిగి కొట్టండి సార్" అనే మోసం నడిచేదే దొంగ ఎస్సెమ్మెస్ మీద. మీ బ్యాంకు యాప్ తెరిచి స్టేట్‌మెంట్‌లో చూడండి. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయడమూ అక్కర్లేదు. 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య కలెక్ట్ రిక్వెస్టులు (డబ్బు అడుగుతూ యాప్‌లో పంపేవి) ఆగిపోయాయి కాబట్టి "రిక్వెస్టు పంపాను, ఓకే చేయండి, డబ్బు పడుతుంది" అన్న మాట వినగానే ఆ నంబరు బ్లాక్ చేయవచ్చు.

నిజంగానే డబ్బు మధ్యలో ఇరుక్కోవడం వేరే సంగతి. కొనేవాళ్ళ ఖాతాలో తగ్గింది, అమ్మేవాళ్ళకు పడలేదు. ఇక్కడ అందరూ చేసే పని కంగారుపడి మళ్ళీ పంపడం. రెండూ పడితే రెండోది తిరిగి రాబట్టుకోవడం అవతలివాళ్ళ మంచితనం మీదే ఆధారపడి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం పడని డబ్బు లావాదేవీ మర్నాటికల్లా తనంతట తానే వెనక్కి రావాలి. ఆ పైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. కాబట్టి ఒక రోజు ఆగండి, యూటీఆర్ నంబరు ఇద్దరూ దగ్గర పెట్టుకోండి, పెన్ను మాత్రం కదలనివ్వకండి.

పరిమితుల గురించి క్లుప్తంగా. మనుషుల మధ్య యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష రూపాయలు దాటదు, కొన్ని బ్యాంకుల్లో అంతకన్నా తక్కువే. కొత్త ఫోన్లో యాప్ పెట్టుకున్న మొదటి 24 గంటలు 5,000 మించి వెళ్ళదు, ఐఫోన్లో ఈ గడువు ఇంకా ఎక్కువ. "ఇప్పుడు 5,000 వెళ్ళింది, మిగతాది రేపు" అన్న మాట అన్నిసార్లూ సాకు కాదు. లక్ష దాటే బేరానికి బ్యాంకు యాప్‌లో ఉండే ఐఎంపీఎస్ బదిలీ వాడవచ్చు, దాని పరిమితి 5 లక్షలు. యూపీఐ లైట్‌తో (చిన్న చెల్లింపులకని యాప్‌లో ముందే కొంత సొమ్ము వేసి ఉంచుకునే వాలెట్) మాత్రం ఇలాంటి చెల్లింపులు చేయవద్దు. పిన్ లేకుండా సులువుగానే వెళ్తుంది గానీ విడివిడి లావాదేవీలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించవు, రుజువు కావాల్సినప్పుడు యాప్ చరిత్ర ఒక్కటే మిగులుతుంది. పరీక్ష రూపాయి కూడా లైట్ నుంచి పోకుండా చూసుకోండి, చిన్న మొత్తాలకు కొన్ని యాప్‌లు ముందుగా దాన్నే ఎంచుకుంటాయి.

పార్సిల్ దగ్గరా కొంత శ్రద్ధ కావాలి, ఎందుకంటే డబ్బు తగాదాలు చాలామటుకు అక్కడే పుడతాయి. సిరా పూర్తిగా ఖాళీ చేసి, పెన్నును పాలిథిన్ సంచిలో చుట్టి, రెండు వైపులా దూది కుక్కిన పీవీసీ గొట్టం ముక్కలో పెట్టి, ఆపైన అట్టపెట్టెలో పెట్టాలి. చుట్టడం మొదలు చిరునామా అంటించేదాకా ఒకే వీడియో తీయండి. కొనేవాళ్ళు కూడా పార్సిల్ చుట్టూ చూపించి, కత్తిరించడం నుంచి పెన్ను బయటికి తీసేదాకా ఆపకుండా వీడియో తీయాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి స్పీడ్ పోస్టుకు 5 రూపాయలు, దానిపై జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పినవాళ్ళకే పార్సిల్ ఇచ్చే సదుపాయం వచ్చింది. "నాకు అందలేదు" అన్న మాటకు అంతకన్నా చవకైన జవాబు లేదు. బీమా చేయని స్పీడ్ పోస్టు పోతే వచ్చే పరిహారం కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది. కాబట్టి ఖరీదైన పెన్నుకు బీమా చేయించి, ఆ ఖర్చును ధరలోనే కలిపి చెప్పండి.

వెనక్కి ఇవ్వాల్సి వస్తే డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే వెళ్ళాలి. "ఈ నంబరుకు పంపండి, నాది పనిచేయడం లేదు" అంటే, పనిచేసేదాకా ఆగుతానని చెప్పండి.

గ్రూపులో నమ్మకమైన పెద్దమనిషి దగ్గర డబ్బు ఉంచి, పెన్ను అందాక విడుదల చేయించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఉద్దేశం మంచిదే గానీ, ఊరందరి సొమ్ము తన సొంత ఖాతాలోంచి పోతుంటే రేపు ఏ ఒక్క బేరం చెడినా ఆయన ఖాతాయే ఆగుతుంది. దాని బదులు పెద్ద బేరాలకు ఒకే ఊళ్ళో కలుసుకుని, సిరాలో ముంచి రాసి చూసి, అక్కడికక్కడే పంపడం ఎంతో మేలు. అమ్మినవాళ్ళు తమ బ్యాంకు యాప్‌లో డబ్బు చూసుకునేదాకా ఇద్దరూ కదలకూడదు. సిగ్నల్ లేని సెల్లార్ కాఫీ షాపులు ఈ పనికి పనికిరావు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు రాజమండ్రి పెన్ను కొనాలంటే తేలికైన దారి యూపీఐయే. అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్, ఆస్ట్రేలియా వంటి దేశాల ఫోన్ నంబర్లతోనూ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతాలు) యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది, బ్యాంకు ఒప్పుకుంటే చాలు. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో లోపలి చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రం ఇక్కడివాళ్ళు అందుకోవచ్చు. అది వస్తువుల అమ్మకం కిందే రావాలి, ఫీజు అమ్మినవాళ్ళకే పడుతుంది, ధర చెప్పేటప్పుడే లెక్క వేసుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు తమలో తాము అమ్ముకునేటప్పుడు ఫీజు మిగులుతుందని "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" కింద పంపమని అడుగుతారు. అలా పంపితే కొనేవాళ్ళకు పేపాల్ రక్షణ ఏమీ ఉండదు. అమెరికా బ్యాంకుల మధ్య డబ్బు పంపే జెల్‌లో (Zelle) అసలు అలాంటి రక్షణే లేదు. పేపాల్‌లో వస్తువుల అమ్మకం కింద పంపితే 180 రోజులదాకా ఫిర్యాదు చేయవచ్చు. అమ్మేవాళ్ళకు రక్షణ దక్కాలంటే పేపాల్ చూపించిన చిరునామాకే, ట్రాకింగ్‌తో పంపాలి. 750 డాలర్లు, ఆ పైనైతే సంతకం తీసుకునే డెలివరీ తప్పనిసరి. డబ్బు కట్టాక "మా తమ్ముడి ఇంటికి పంపండి" అంటే, డబ్బు వెనక్కి ఇచ్చేసి ఆ చిరునామాతోనే మళ్ళీ కట్టమనండి.