మహేంద్రగిరి మీద తడిసిన రాత్రి

వాన చుక్క పడలేదు. అయినా తెల్లవారుజామున మూడున్నరకి నా ముఖం మీద టప్‌మని నీళ్లు పడ్డాయి.

సంక్రాంతి సెలవుల్లో మా బావ, నేను, మా పదేళ్ల మేనల్లుడు శ్రీకాకుళం నుంచి మహేంద్రగిరికి బయల్దేరాం. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాది. పాతపట్నం పక్కన మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి, ఆ తర్వాత ఘాట్ దారి. మహేంద్రతనయలు నిజానికి రెండున్నాయి. ఒకటి ఇటు దిగి వంశధారలో కలుస్తుంది, రెండోది బారువ దగ్గర సముద్రంలో. ఇద్దరూ ఈ కొండ కూతుళ్లే.

అడవిలో రాత్రి ఉండడానికి అనుమతి కావాలి కదా, నేను తెలివిగా మన జిల్లాలో అడిగాను. కొండ ఎవరిదైతే వాళ్లనే అడగాలని తెలిసేసరికి వారం గడిచింది. చివరికి సరేనన్నారు. మంట వెయ్యకూడదు, ప్లాస్టిక్ వదలకూడదు, చీకటి పడ్డాక అటూ ఇటూ తిరక్కూడదు. నెగడు లేకుండా అడవిలో రాత్రేంటని మా బావ దారి పొడవునా గొణుగుతూనే ఉన్నారు.

టెంట్ అద్దెకి తెచ్చాం. విప్పి చూస్తే మేకులు రెండు తక్కువ. తాళ్లు రాళ్లకి కట్టాం. చిన్న వాగు పక్కన చదునుగా, గడ్డి మెత్తగా ఉంది కదా అని అక్కడే వేస్తున్నాం. అటుగా పోతున్న సవర గిరిజన పెద్దాయన ఆగి చూసి, "ఏటి బాబూ, పల్లంలో ఏస్తన్నారు? చలంతా ఇక్కడికే దిగుద్ది" అన్నాడు. మేం నవ్వి ఊరుకున్నాం. అదే తప్పు.

శిఖరం 1501 మీటర్లు. కిలోమీటరు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకుని దుప్పట్లయితే తెచ్చుకున్నాం గానీ, చల్లగాలి బరువెక్కి పల్లానికి జారుతుందని తట్టలేదు. పులిహోర, అరిసెలు తిని, చలికి భయపడి టెంట్ జిప్పులన్నీ బిగించేశాం. ముగ్గురి ఊపిరీ లోపలే. ఆ ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి చెమటలా పట్టింది. టార్చి వేసి చూస్తే పైకప్పు నిండా సన్నటి చుక్కలు. ఒకటి ఇంకోదాంతో కలిసి లావై, నిదానంగా జారి, సరిగ్గా మా బావ చెవిలో పడింది.

జిప్ జానెడు తెరిచాను. గాలి ఆడాక కారడం తగ్గింది. బయట ఏ చప్పుడూ లేదు, వాగు తప్ప.

"మావా, ఫ్యాను శబ్దం లేపోతే నాకు నిద్ర రాదు" అన్నాడు మేనల్లుడు.

తెల్లారాక పెద్దాయన అదే దారిన వచ్చాడు. ఏమీ అనలేదు. మేం ఆరేసిన దుప్పట్లు చూసి, మూడు గ్లాసుల్లో వేడి చోడంబలి, అంటే రాగి అంబలి, తెచ్చిచ్చాడు. ఎండ కాస్త ఎక్కాక పైకెళ్లి భీముడి గుడి చూశాం. అంతంత బండలు అక్కడికెలా ఎక్కించారో అని మావాడు గుడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

టెంట్ తిరిగిస్తే తడిసిందని వంద రూపాయలు కోశారు. మేకుల సంగతి అడిగాను. మొదట్నించీ అన్నే ఉన్నాయట.