ఆడి డిస్కౌంటూ, చిన్నాయన కూర్చున్న బల్లా

బుధవారం, రాత్రి పదకొండున్నర.

చెల్లి పెళ్ళి శ్రావణంలో. బట్టలు ఎక్కడ కొనాలన్నది మా ఇళ్ళలో మాట్లాడుకునే విషయమే కాదు. నెల్లూరుకు దక్షిణాన ఉన్నవాళ్ళకి పెళ్ళి బట్టలంటే మద్రాసే, మద్రాసులో మళ్ళీ టీ నగరే. ఊరి పేరు చెన్నై అయ్యి ఇన్నేళ్ళయినా అమ్మ నోట మద్రాసు పోలేదు. తమిళులకు ఇది ఆడి మాసం. పెళ్ళిళ్ళు పెట్టుకోరు కాబట్టి అంగళ్ళన్నీ తగ్గింపు బోర్డులు వేలాడదీస్తాయి. వాళ్ళకి బేరాలు ఆగిన నెలలో మనకి ముహూర్తాలు దగ్గరపడతాయి. ఇంతకంటే మంచి ఏర్పాటు పంచాంగాలు రాసేవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నా కుదిరేది కాదు.

అందుకని సీఎల్ పెట్టి బయల్దేరాను. అమ్మ, చిన్నమ్మ, చెల్లి, నేను, సంచులు మోయడానికి చిన్నాయన. ఆయన మాత్రం బేరమాడటానికి వస్తున్నానన్నాడు. మా ఊరి బజార్లో ఎప్పటి నుంచో స్టీలు సామాన్ల అంగడి నడుపుతున్న మనిషి. బార్‌కోడ్ అంటించిన చీర దగ్గర బేరం సాగదని ఎంత చెప్పినా ఆయనకి ఎక్కదు.

సూళ్ళూరుపేటలో లోకల్ పట్టుకుని సెంట్రల్, రోడ్డు దాటి పార్క్ స్టేషన్, అక్కడి నుంచి మాంబళం. మాంబళం స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండు దాకా 2023లో పైన నడవడానికి వంతెన ఒకటి కట్టారు, 570 మీటర్లు. దాని మీద పోతే కింది తోపులాట తప్పుతుంది. అమ్మ ఒప్పుకుంటేగా! "కింద పోతే నాలుగు అంగళ్ళు చూసుకుంటా పోవచ్చు, పైన ఏముండాది, గాలి" అంది. సరేనని రంగనాథన్ వీధిలో దిగాం. గాలి తప్ప అన్నీ ఉన్నాయి. మేం నడిచింది లేదు, వెనకవాళ్ళు తోసుకుపోయారు. మధ్యలో చిన్నమ్మ చెప్పు తెగింది. తెగిన చోటనే చెప్పులమ్మే ఆయన ఉన్నాడు. ఆ వీధి గొప్పతనం అది.

ఉస్మాన్ రోడ్డు దాటి, పానగల్ పార్కు దగ్గర మెట్రో పనుల రేకులు చుట్టుకుని, పాండీ బజార్లోకి వచ్చాం. అక్కడ అడుగుపెట్టగానే ముందు తెలిసేది భుజాలకే. ఎవరి భుజమూ తగలదు. ఫుట్‌పాత్ మీద మేం ఐదుగురం పక్కపక్కన నడిచాం, ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకోవాల్సిన పని కూడా పడలేదు. బండ్లకి మిగిలింది నడుమ సన్నటి దారి.

నా చిన్నప్పుడు ఇట్లా లేదు. ఫుట్‌పాత్ నిండా పూసల దండలు, క్లిప్పులు, నైటీలు పరిచిన బల్లలు; వాటి ముందు స్కూటర్లు; స్కూటర్ల ముందు కార్లు; కార్ల అవతల, బస్సుకు జానెడు దూరంలో, నాన్న వేలు పట్టుకుని మేము. 2013లో ఆ చిల్లర వ్యాపారుల కోసం ఇదే రోడ్డులో ఒక భవనం కట్టి అందులోకి పంపించారు. తర్వాత స్మార్ట్ సిటీ డబ్బుతో, దాదాపు 40 కోట్లు పెట్టి, రోడ్డు తగ్గించి నడక దారి పెంచారు. 2019 నవంబరులో ప్రారంభించారు.

ఇవన్నీ నాకు ఎందుకు తెలుసంటే, నా ఉద్యోగం అలాంటిది. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని. బజార్లో కాలవ మీదికి మెట్లు కట్టుకున్న అంగళ్ళ ముందు నిలబడి "అన్నా, కొంచెం లోపలికి జరుపుకోండన్నా" అని బతిమాలే మనిషిని నేనే. పక్క వీధిలో చిన్నాయన అంగడి కూడా అట్లాంటిదే. ఆయన బిందెలు ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటాయి. ఆ సంగతి మేమిద్దరం పండగ భోజనాల దగ్గర ఎత్తం.

పాండీ బజార్ కథలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. శాశ్వతంగా కట్టకముందు కొన్ని రోజులు బండ్లు ఆపి, బారికేడ్లు అడ్డం పెట్టి, రోడ్డులో కొంత నడిచేవాళ్ళకి వదిలి చూశారు. బారికేడ్లు ఏముంది, నచ్చకపోతే సాయంత్రానికి లారీలో ఎత్తుకుపోవచ్చు. గుంత తవ్వితే తప్ప పని జరిగినట్టు లెక్క లేని మన దగ్గర, తవ్వకముందే చూసుకోవడం అనేది చిన్న విషయం కాదు.

మొదటి అంగట్లో గంటన్నర గడిచింది. చిన్నాయన మోకాళ్ళు మొరాయించాయి. బేరం సంగతి కూడా తేలిపోయింది. కౌంటర్లో అబ్బాయి ఆయన చెప్పిన ధర విని నవ్వి, మంచినీళ్ళు ఇచ్చాడు. అమ్మా వాళ్ళని రెండో అంతస్తులో వదిలేసి మేమిద్దరం బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద రాతి బల్ల ఒకటి చూసుకుని కూర్చున్నాం. ఈ పూటలో బాగా గడిచింది ఆ బల్ల మీదే.

పక్క బల్ల మీద మా లాంటి వాళ్ళే, కాళ్ళ దగ్గర సంచుల గుట్ట, చేతిలో ఫోను. ఎదురుగా ఒక హిందీ కుర్రాడు చిన్న స్టూలు మీద కూర్చుని ఎవరో అమ్మాయి అరచేతిలో గోరింటాకు కోను నడిపిస్తున్నాడు. వాడి కళ్ళు చేతి మీద, నోరు దారిన పోయేవాళ్ళ మీద. "మెహందీ మెహందీ అక్కా" అని పిలుస్తూనే ఉన్నాడు, గీత మాత్రం వంకర పోలేదు. పూలావిడ మూర కొలిచేటప్పుడు మోచేయి కొంచెం మడిచింది, చిన్నాయన వెంటనే పట్టేశాడు, "చూసినావా, నాలుగు వేళ్ళు మిగిల్చింది" అని. వ్యాపారి కన్ను. స్టీలు గుంజల మధ్య సందులోంచి ఒక డెలివరీ అబ్బాయి బైకు దూర్చాడు, హ్యాండిల్ పట్టలేదు, దిగి ఏటవాలుగా వంచి లాక్కుపోయాడు. అవతల అప్పటికే నాలుగు బైకులు దర్జాగా ఫుట్‌పాత్ ఎక్కి నిలబడున్నాయి. ఎంత వెడల్పు ఇచ్చినా బైకు దాన్ని పార్కింగే అనుకుంటుంది.

కాసేపు చూసి చిన్నాయన అడిగాడు: "బండి అంగడి ముందు ఆగకపోతే బేరం ఎట్ట వస్తాదమ్మా వీళ్ళకి?"

ఈ మాట మా ఆఫీసుకొచ్చి ప్రతి అంగడాయన అనేదే. నేను సమాధానం చెప్పలేదు. ఎదురుగా ఉన్న చెప్పుల అంగడి చూపించి, "లోపలికి పోయేవాళ్ళని చూడండి, ఎవరు బండి దిగి వచ్చారో, ఎవరు నడిచి వచ్చారో" అన్నాను. ఆయనకి ఇట్లాంటి పని ఇష్టం. నిటారుగా కూర్చున్నాడు. ఒక కుటుంబం ఐస్‌క్రీం తింటూ అద్దంలో చూసి ఆగింది, పిల్ల చెయ్యి లాగింది, అందరూ లోపలికి పోయారు. కాలేజీ పిల్లలు ముగ్గురు. ఒక ముసలాయన గొడుగుతో. ఒక ఆటో ఆగింది, అందులోంచి దిగినావిడ పక్క బంగారం కొట్లోకి పోయింది. "ఆ పిల్ల నడస్తా ఉండబట్టి చూసింది, కారులో ఉంటే చూసుండదు" అన్నాడు. కొంచెం ఆగి, "ఐస్‌క్రీం వోడికీ బేరమే, చెప్పులోడికీ బేరమే" అన్నాడు.

అప్పుడు నేను న్యూయార్కు సంగతి చెప్పాను. 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్వే రోడ్డుకు బండ్లు ఆపేసి, కొత్త సామాను అందేలోపల ఖాళీగా ఎందుకని, తోటల్లో వేసుకునే చవక మడత కుర్చీలు తెచ్చి నడిరోడ్డు మీద వేశారు. జనం వచ్చి కూర్చున్నారు. ప్రయోగమని మొదలుపెట్టింది మరుసటి ఏడు శాశ్వతమని ప్రకటించారు. కరోనా ఏడు అదే ఊళ్ళో హోటళ్ళకి లోపల కూర్చోబెట్టే వీలు లేక, కార్లు ఆపే చోట బల్లలు వేసుకోమన్నారు. 2023లో దానికి చట్టం చేశారు, రోడ్డు మీది బల్లలు ఏప్రిల్ నుంచి నవంబరు దాకానే ఉండాలని. చలికాలం తీసేయాల్సిందే.

"కుర్చీలు ఎవరూ ఎత్తుకుపోలేదా?" అన్నాడు చిన్నాయన.

అసలు చిక్కు ఎక్కడుందంటే, రోడ్డు మీదికి బల్ల రావడం అక్కడ పథకం, మన దగ్గర ఆక్రమణ. నాకిది రోజూ ఎదురయ్యే ఇబ్బంది. హోటలు వాడు ముందు నాలుగు కుర్చీలు వేస్తే ఫోటో తీసి నోటీసు రాయాలి. తోపుడు బండి ఆమెని జరగమనాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకి చోటు చూపించాలి, సర్వే చేసి కార్డులు ఇవ్వకుండా ఎవరినీ లేపకూడదు. ఇంకోవైపు రోడ్లు ఏ కొలతల్లో కట్టాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకం నడిచేవాళ్ళకి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది. రెండింటిలో ఏదీ తప్పు కాదు. మా బజార్లో ఫుట్‌పాత్ ఉన్న చోట కాలవ మూతతో కలిపి కొలిచినా ఆ రెండూ పట్టవు. పట్టాలంటే రోడ్డులోంచి తీసుకోవాలి. రోడ్డులోంచి తీసుకోవాలంటే పార్కింగులోంచి తీసుకోవాలి. అక్కడ అందరూ చిన్నాయనలే.

పాండీ బజార్లోనూ ఈ లెక్క పూర్తిగా తెగిందని నేననుకోను. బల్లలు లేచిపోయి ఫుట్‌పాత్ శుభ్రమైంది, బాగుంది. కానీ ఆ బల్లల కోసం వచ్చిన జనమే కదా ఈ రోడ్డుకి పేరు తెచ్చింది? మేడ మెట్లెక్కి క్లిప్పులు కొనేవాళ్ళు ఎందరు? ఇంత వెడల్పు పెంచినప్పుడు అందులో గీత గీసి కొంత వాళ్ళకి ఇవ్వొచ్చు. గోరింటాకు కుర్రాడు, పూలావిడ అక్కడ ఉండబట్టే ఆ రాతి పలకల మీద ఎవరైనా ఆగుతున్నారు.

నాలుగున్నరకి అమ్మా వాళ్ళు దిగారు. చెల్లికి తలంబ్రాల చీర కుదిరింది, మెంతి రంగు, ఎర్ర అంచు. చిన్నమ్మకి ఏదీ నచ్చలేదు, అంటే మళ్ళీ రావాలన్నమాట. గీతా కేఫ్‌లో టిఫిను చేశాం. బల్ల కోసం నిలబడ్డప్పుడు నాకు అనిపించింది, బయట ఇంత చోటుంది, సాయంత్రం పూట నాలుగు బల్లలు బయట వేస్తే ఏం పోయిందని. కాఫీ వచ్చాక అమ్మ మొదలుపెట్టింది, అమ్మమ్మ తిరపతి కొండ దిగి, గుండుతోనే టూరిస్టు బస్సెక్కి, బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడి చూసొచ్చిన కథ. అప్పట్లో సినిమా వాళ్ళంతా ఈ చుట్టుపక్కలే. మాకు కంఠతా వచ్చు, అయినా వింటాం.

నేను ఇంకో ముక్క కలిపాను. ఈ రోడ్డు పేరు త్యాగరాయ రోడ్డు, టీ నగర్లో 'టీ' కూడా ఆయనే, పిట్టి త్యాగరాయ చెట్టి. చేనేత దేవాంగుల ఇంటి తెలుగాయన. పార్కు పేరు పానగల్ రాజా, మన కాళహస్తి వైపు పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టరు, ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. 1920ల్లో పెద్ద చెరువు పూడ్చి ఈ పేట కట్టారు. "చెరువు ఆక్రమించి కట్టినారా, మా బిందెలకి నోటీసు ఇస్తావా?" అన్నాడు చిన్నాయన. అందరూ నవ్వారు. నేను నోటీసు ఎప్పుడూ ఇవ్వలేదని రికార్డు కోసం రాసుకుంటున్నాను.

తిరుగు రైల్లో గుమ్మిడిపూండి దాటాక సీటు దొరికింది. మా బజారు వీధిలో ఒక్క ఆదివారం, గడియారం స్తంభం నుంచి కూరగాయల మార్కెట్టు దాకా, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది, బండ్లు రాకుండా రెండు వైపులా బారికేడ్లు పెడితే ఎట్లుంటుందని అడిగాను. సున్నంతో గీత గీసి, గీతకి ఇటు తోపుడు బండ్లు, అటు నడిచేవాళ్ళు. స్కూలు గ్రౌండులో పార్కింగు. పోలీసులకి ఒక లెటరు, కమిషనరు గారికి ఒక నోటు ఫైలు. ఖర్చు పెద్దగా లేదు.

చిన్నాయన చాలాసేపు కిటికీలోంచి చూశాడు. దీపావళి ముందు మాత్రం వద్దన్నాడు, సీజనులో ప్రయోగాలు పనికిరావంట. ధన్‌తేరస్, దీపావళి అయిపోయాక ఒక ఆదివారమైతే అంగళ్ళ సంఘంలో తనే మాట్లాడతానన్నాడు. ఒకవేళ బేరం పడిపోతే మళ్ళీ నా మొహం చూడనన్నాడు.

"మరి ఆ రోజు మీ అంగడి ముందుండే మీ యాక్టివా ఎక్కడ పెడతారు?" అన్నాను.

"అది సామాన్లు దించే బండి, దానికి పర్మిషను ఉండాలి గదా" అన్నాడు. రేపు నోటు ఫైలులో అది కూడా రాయాలి: సరుకు దించుకోవడానికి మధ్యాహ్నం మూడు గంటల దాకా అనుమతి. యాక్టివాకి లేదు.