జకార్డు అట్టలతో తెర కట్టాను

ఒడిశాలోని బరంపురంలో మా వీధిలో మగ్గం ఆగిపోయిన ఏ ఇంటి అటక ఎక్కినా, నేత డిజైను మగ్గానికి చెప్పే జకార్డు అట్టల కట్టలు కనిపిస్తాయి. ఒక్కో అట్ట నిండా చిల్లులు. చిల్లు ఉన్నచోట సూది దూరి కొక్కెం లేస్తుంది, దాంతో పడుగు పోగు, అంటే నిలువు దారం, లేస్తుంది. లేనిచోట పోగు కదలదు. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ తెచ్చిన పద్ధతే ఇది. వీటన్నిటినీ కలిపి పెద్ద తెరలా వేలాడదీసి, వెనక దీపం పెడితే డిజైనంతా వెలుగుగా నేల మీద పడుతుందని నా ఆలోచన.

అట్టలు అడగబోతే ఒక తాతగారు "ఏటమ్మా, పొయ్యిలోకా?" అన్నారు. ఇన్‌స్టలేషన్, అంటే చోటుని నింపేలా కట్టే కళాకృతి, అని చెప్పి లాభం లేదు. "తెర కడతాను తాతా" అంటే మాత్రం వెంటనే దించి ఇచ్చారు. అంచున ఒడియా అంకెల్లో వరుస నంబర్లు, అక్కడక్కడ తెలుగులో కొంగు, అంచు అని పెన్సిల్ రాతలు. అవి చెరిగిపోకుండా పొడిగుడ్డతోనే తుడిచాను.

అసలు పనంతా అతుకులోనే ఉంది. పాత తాళ్లు ముట్టుకుంటే పొడిపొడి అయ్యాయి. నూలు దారం మా సముద్రపు గాలి తేమకి సాగింది, నైలాన్ ముడి జారింది. ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనాట్సుయ్ అనే శిల్పి సారా సీసాల మూతల్ని రాగి తీగతో కుట్టి గోడంత తెరలు చేస్తాడు. 2015లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో జీవితకాల కృషికి గోల్డెన్ లయన్ అవార్డు ఆయనకే ఇచ్చారు. అందరూ మూతల గురించే మాట్లాడతారు గానీ, ఆ తెర గుడ్డలా మడత పడేది తీగ వల్లేనని నాకనిపిస్తుంది. అందుకే మోటార్ వైండింగ్ షాపులో పాత రాగి తీగ కిలోల లెక్కన కొన్నాను. రెండు చుట్లు తిప్పి వదిలేయాలి. ఒకేచోట అటూ ఇటూ వంచితే గట్టిపడి పుటుక్కున తెగుతుంది. వేళ్ల చివర్లు పగిలి, అన్నంలో కారం కలుపుకోలేని రోజులున్నాయి.

తెర ప్రదర్శనకి తీసుకున్న మండపం వాళ్లు గోడకి మేకు కొట్టొద్దన్నారు. సరే, మేకు లేకుండా నిలబెట్టడానికి మా ఊళ్లో మనుషులకేం కొదవ? రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి వీధుల్లో కదలని రథాలు నిలబెట్టేవాళ్లున్నారు. వాళ్లలో ఒకాయన్ని "అన్నా, గోడ ముట్టకుండా నిలబడాలి" అని బతిమాలితే, వెదుళ్లు తెచ్చి, అడుగున ఇసుక బస్తాలు వేసి సాయంత్రానికి చట్రం లేపేశాడు. ఆర్ట్ కాలేజీల్లో ఈ పని ఎవరైనా నేర్పుతారా అంటే అనుమానమే!

దీపం సంగతి తొందరగా తేలింది. ట్యూబ్‌లైటు పెడితే చిల్లుల నీడలు అలికేసినట్టయ్యాయి. ఒకే చిన్న ఎల్‌ఈడీ బల్బు కాస్త దూరంగా పెడితే చుక్కలు విడివిడిగా పడ్డాయి, అట్టలకి వేడి బెంగా లేదు.

మొదటి రోజు వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు. అట్టలిచ్చిన తాతగారు మాత్రం తెర వెనక్కి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని నంబర్లు చదవడం మొదలెట్టారు. "ముందర కనబడేది పక్కవీధోళ్లది. నాది మూల పెట్టావేటమ్మా?" అన్నారు. ఆ రాత్రే ఆ వరుస తీగలు విప్పి, ఆయన కొంగుని మధ్యకి మార్చాను.