పొగ, అరటిపండు, తేనెటీగ

మేముండే న్యూజెర్సీకి తేనెటీగ రాష్ట్ర కీటకం. మా అమ్మాయి తరగతిని తేనెటీగల పెంపక కేంద్రానికి తీసుకువెళ్లే ముందు బడివారు పంపిన సూచనలలో, ఆ ఉదయం ఎవరూ అరటిపండు తినవద్దని ఉంది. కారణం అమ్మాయే చెప్పింది. తేనెటీగ కుట్టినప్పుడు కొండి దగ్గర వెలువడే హెచ్చరిక వాసనలో ముఖ్యమైన పదార్థం ఐసోపెంటైల్ ఎసిటేట్; పండిన అరటిపండు వాసనలోనూ అదే ఉంటుంది.

ఆ సంగతి ఫోనులో విని, నల్లమల అంచున ఆత్మకూరులో పెరిగిన మా నాన్నగారు, చెంచులు పొగ పెట్టకుండా కొండతేనె పట్టు జోలికి వెళ్లరని చెప్పారు. అమ్మాయి మర్యాదగా విన్నది కానీ, వివరం అడగలేదు. ఇక్కడ పెరిగే పిల్లలు బడిలో నేర్చినదాన్ని విజ్ఞానంగానూ, తాతయ్య చెప్పినదాన్ని కథగానూ తమకు తెలియకుండానే వేరుచేసి పెట్టుకుంటారు. పండుగలకు, పాటలకు మనం పడే శ్రద్ధలో కొంతైనా ఈ విషయంలో పడాలని నా అభిప్రాయం. అందుకే ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తేనెటీగ తలమీది మీసాల వంటి స్పర్శశృంగాల (యాంటెన్నాల) గురించి చదివాము.

ఈగకు ముక్కు లేదు. తలమీది ఆ రెండు స్పర్శశృంగాలే దానికి ముక్కు. కూలి ఈగ స్పర్శశృంగపు చివరి భాగంలో పది ఖండాలుంటాయి. వాటిపై వేల సంఖ్యలో ఉన్న సూక్ష్మమైన పలకల రంధ్రాల గుండా వాసన అణువులు లోపలికి చేరి, అక్కడి నాడీకణాలపై వాసనను పసిగట్టే గ్రాహకాలను తాకుతాయి. తేనెటీగ జన్యుక్రమం 2006లో వెలువడినప్పుడు, వాసన గ్రాహకాలకు సుమారు 170 జన్యువులున్నట్టు తేలింది. ఆ నాడుల సంకేతాలు మెదడులో దాదాపు 160 చిన్న గుచ్ఛాలకు చేరుతాయి. ఒక్కొక్క వాసనకు ఏయే గుచ్ఛాలు స్పందించాయన్న అమరికే దాని గుర్తు. ఒక వాసన చూపిన వెంటనే చక్కెర నీటిని స్పర్శశృంగానికి తాకిస్తే, కొద్దిసార్లకే ఈగ ఆ వాసన తగలగానే తొండం చాపుతుంది. ఈ ప్రయోగం అమ్మాయికి ఎంత నచ్చిందంటే, మళ్లీ మళ్లీ చదివించుకుంది.

పొగ ప్రస్తావన 1995 నాటి ఒక పరిశోధనలో దొరికింది. పొగ తగిలిన స్పర్శశృంగాలు హెచ్చరిక వాసనకు ఇచ్చే విద్యుత్ స్పందన తగ్గిందనీ, పూల వాసనకు ఇచ్చేదీ అలాగే తగ్గిందనీ, పది ఇరవై నిమిషాలలో తిరిగి మామూలైందనీ అందులో ఉంది. ఒక ఈగ ప్రమాదాన్ని చాటినా, ఆ కబురు మిగతావాటికి సరిగా అందదన్నమాట. నల్లమల కొండతేనెటీగ జాతి వేరైనా, దాని హెచ్చరిక వాసనలోనూ ఐసోపెంటైల్ ఎసిటేట్ ఉంది. దానితోపాటు మెల్లగా ఆవిరయ్యే మరొక పదార్థమూ ఉంది కనుక ఆ ఈగల కోపం ఎక్కువసేపు నిలుస్తుంది.

మర్నాడు అమ్మాయే తాతయ్యకు ఫోను చేసి ఇదంతా తెలుగులో, మధ్యమధ్య నన్ను అడుగుతూ చెప్పింది. "పొగ ప్రభావం కాసేపే ఉంటుందట కదా తాతయ్యా, మరి చెంచులు ఏం చేసేవారు?" అని అడిగింది. తాను చూసినంతలో, తేనె తీసేవాడు పైకి వచ్చేదాకా కింద పొగ ఆగనిచ్చేవారు కాదని ఆయన చెప్పారు. ఆ మాటను అమ్మాయి తన సైన్సు నోటుపుస్తకంలో, ప్రయోగం వివరాల కిందనే రాసుకుంది.