నేను తాగే వేళకి ఒక మీటింగ్

మందు మానాలనుకునేవాళ్లు ముందు వెళ్లాల్సింది మీటింగ్‌కి కాదు, డాక్టర్ దగ్గరికి. ఇది నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. ఓ ఆదివారం పౌరుషం వచ్చి సీసా సింక్‌లో పారబోశాను. మర్నాటికి చేతులు వణుకు, ఒళ్లంతా చెమటలు. రెండో రాత్రి గోడ మీద లేనివేవో పాకుతున్నట్టు కనిపించాయి. భయపడి మళ్లీ తాగాను, వణుకు తగ్గింది.

ఆ సంగతి చెబితే డాక్టర్ మందలించారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చన్నారు. రోజురోజుకీ మోతాదు తగ్గించుకుంటూ వెళ్లే మాత్రలు, బీ1 విటమిన్ ఇచ్చారు. చివర్లో ఒక మాటన్నారు: "నా పని వారం పది రోజులే. ఆ తర్వాత మీ సాయంత్రాలు ఎలా గడుపుతారో చూసుకోండి." ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల జాబితా తీసి, ఇంటికి దూరంగా ఉన్నది వెతుక్కున్నాను. తెలిసినవాళ్లు కనిపిస్తారని టెన్షన్. మా ఆవిడ కూడా బయల్దేరింది. ఆ మీటింగ్ పక్కన 'క్లోజ్డ్' అని ఉంటే మేమిద్దరం పట్టించుకోలేదు. వెళ్లాక ఒక పెద్దాయన నెమ్మదిగా చెప్పారు: తాగుడు సమస్య ఉన్నవాళ్లకే ఇది, ఇంట్లోవాళ్లు రావాలంటే 'ఓపెన్' అని ఉన్నవి చూసుకోవాలి. పాపం, తను గంటసేపు బయటే కూర్చుంది. ఇప్పుడు తన మీటింగులు తనకున్నాయి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచీ అల్-అనాన్ అని విడిగా నడుస్తోంది. అక్కడ ఏం మాట్లాడుతుందో నేనడగను, అడగకూడదు కూడా.

లోపల తలుపు పక్క కుర్చీలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎవరో కౌన్సెలర్ వచ్చి క్లాసు పీకుతారనుకున్నాను. అలాంటివాళ్లెవరూ లేరు. అందరూ తాగి మానినవాళ్లే, లేదా మానాలని వచ్చినవాళ్లే. ఫీజు లేదు. చివర్లో ఒక సంచీ చేతులు మారింది, వేసినవాళ్లు వేశారు. 1935లో అమెరికాలోని ఆక్రాన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన షేర్ల వ్యాపారం చేసేవాడు, ఇంకొకాయన సర్జన్, ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతో ఇది మొదలైందట. పద్ధతి నేటికీ అదే.

ఆ రోజు ఒకాయనే దాదాపు ముప్పావుగంట మాట్లాడారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అన్నీ పోయాయట. వింటున్నంతసేపూ నాలో ఒకటే లెక్క: నాకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది, నేనింకా అంతవరకు రాలేదు. హాయిగా ఇంటికెళ్లి తాగాను.

రెండోచోట ప్రార్థనతో మొదలుపెట్టారు. నాకు దేవుడంటే పడదు. ఎవరికి తోచిన శక్తిని వాళ్లు నమ్ముకోవచ్చని చెప్పినా మనసు ఒప్పలేదు. మూడోది స్మార్ట్ రికవరీ. 1994లో మొదలైన ఈ పద్ధతిలో దేవుడి ఊసు లేదు, ఆలోచించే తీరు మార్చుకోవడం నేర్పుతారు. తాగితే వచ్చేదేంటి, పోయేదేంటి అని పట్టీ రాయించారు. అది ఇప్పటికీ నా పర్సులో ఉంది. కానీ ఆ మీటింగ్ పొద్దున పదింటికి. పొద్దున పదింటికి నేనెప్పుడూ బుద్ధిమంతుణ్ణే!

నాలుగోది ఆన్‌లైన్. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. కెమెరా ఆపేసి, గ్లాసు పక్కన పెట్టుకుని గంటసేపు విన్నాను.

మర్నాడు, మొదటి మీటింగ్‌లో నంబరిచ్చిన ఆ పెద్దాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టలేదు. "ఏ టైముకి మొదలుపెడతారు?" అనడిగారు. ఏడింటికన్నాను. "అయితే ఏడింటి మీటింగ్ చూడండి. మనుషులు నచ్చారా లేదా అన్నది ఐదారుసార్లు వెళ్లాక తేల్చుకుందురు గాని." డాక్టర్ మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఏడింటి గుంపులో ఎనిమిది మందే. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. అక్కడా ప్రార్థన ఉంది. ఆ నిమిషం నేను ఊరికే నిలబడతాను, ఎవరూ ఏమీ అనరు. చేరడానికి కావాల్సిందల్లా తాగుడు మానాలన్న కోరికే అని వాళ్లు చదివే వాక్యాన్ని పట్టుకుని కూర్చున్నాను. మూడోవారం నోరు విప్పాను. కెమెరా సంగతే చెప్పాను. ఇద్దరు నవ్వారు, వాళ్లూ అదే పని చేశారట.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం మీటింగ్ అయ్యాక జరిగేది. కుర్చీలు మడిచి గోడకి చేర్చడం, మెట్ల మీద కాసేపు కబుర్లు. ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. ఆ రెండు గంటలు గడిస్తే నాకు ఆ పూట గడిచినట్టే. స్పాన్సర్‌గా, అంటే పక్కనుండి దారి చూపే పాత సభ్యుడిగా, ఎవరిని అడగాలో తేల్చుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. చివరికి ఆ పెద్దాయన్నే అడిగాను.

మధ్యలో ఒకసారి జారాను, ఒక పెళ్లిలో. మర్నాడు ఏడింటికి వెళ్లి ఆ మాటే చెప్పి, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలుపెట్టాను.

మా గుంపు వారానికి మూడు రోజులే కలుస్తుంది. మిగతా నాలుగు రోజులూ ఏడింటికి ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చుంటాను, కెమెరా ఆన్ చేసి.