శ్రుతి ఎక్కడ పోతోంది?

ఆదివారం, రాత్రి 9:40

పొద్దున్న అమ్మ గొంతుకే మెలకువ వచ్చింది. సాధన చేసే గొంతు కాదు. లోపలి గదిలో ఫోన్ ముందు కూచుని "ఇప్పుడు వినబడుతోందా? ఇప్పుడో?" అంటున్న గొంతు. అప్పుడు ఆరున్నర. డల్లాస్‌లో శనివారం రాత్రి 8 గంటలు, అన్నయ్య కూతురి సంగీతం క్లాసు టైము.

దానికి తొమ్మిదేళ్లు. వేసవి సెలవులకి వచ్చినప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీలోని ఈ ఇంట్లోనే, ఈ చాప మీదే మొదటి పాఠాలు, సరళీ స్వరాలు, మొదలుపెట్టింది. మాయామాళవగౌళ రాగం ముద్దుముద్దుగా, శ్రుతిలో, అంటే తంబూరా నాదానికి గొంతు కలిపి, పాడేది. అక్కడికెళ్లి వీడియో కాల్‌లో తర్వాతి పాఠం, జంట స్వరాలు, ఎత్తుకున్న దగ్గర్నుంచీ తేడా. ఆరు వారాలుగా ఇదే. "నెట్ బాగోలేదు" అని తలా ఒక మాట అనేసి ఊరుకున్నాం. పోయిన వారం అమ్మ గట్టిగానే కసిరింది. "తంబూరా వినవే! అంత చక్కగా మోగుతుంటే నీ దారిన నువ్వు పోతావేంటి?" అది కళ్లనీళ్లు పెట్టుకుని "నాకు వినబడట్లేదు నానమ్మా" అంది. ఆ మాట ఎవరం పట్టించుకోలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది పిల్ల ఒక్కతే. ఇది రాస్తుంటే మనసు చివుక్కుమంటోంది.

ఇవాళ పది నిమిషాలకే అమ్మ పాఠం ఆపేసింది. "నా గొంతే పోతోందేమోనే" అంది నాతో, నెమ్మదిగా. అమ్మ విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది. 1919లో మొదలైన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన చోట నేనూ నేర్చుకున్నానని ఇప్పటికీ తలెత్తుకుని చెబుతుంది. అలాంటి మనిషి ఒక ఫోన్ మాట విని తన గొంతుని అనుమానించుకోవడం నావల్ల కాలేదు. "ఒక గంట ఆగు అన్నయ్యా, పాపని పడుకోబెట్టకు" అన్నాను.

ముందు నెట్ చూశాను. రూటర్ హాల్లో ఉంది, అమ్మ గది రెండు గోడల అవతల. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి వేగం ఎక్కువ గానీ గోడలు దాటడం కష్టం. 2.4 లోపలిదాకా వస్తుంది గానీ వేగం తక్కువ. ఎలా చూసినా అప్‌లోడ్ 18 ఎంబీపీఎస్ దాకా వస్తోంది. ఇక్కడ చూడాల్సింది అప్‌లోడే. వాళ్లు మనకి బాగా వినబడుతూ, మనం వాళ్లకి వినబడకపోతే మన వైపు నుంచి వెళ్లేదాన్ని చూసుకోవాలి. వీడియో కాల్‌కి 18 బోలెడు. పైగా నెట్ తప్పయితే గొంతు ముక్కలుముక్కలుగా, రోబో మాట్లాడినట్టు వస్తుంది. అన్నయ్యేమో "అమ్మ మాట స్పష్టంగానే ఉంది" అంటున్నాడు. నాకు అక్కడే తట్టాల్సింది.

తర్వాత ఫోన్. అమ్మ దాన్ని ఇత్తడి చెంబుకి ఆనించి, జారకుండా కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుంటుంది. ఫోన్ అడుగు అంచున, చార్జర్ పెట్టేచోటి పక్కన ఉండే చిన్న చిల్లే మైకు. అది సరిగ్గా తువ్వాలులోకి దిగబడి ఉంది. పైకెత్తి చూస్తే అందులో ఇంత విభూతి, ఒక నూలుపోగు. పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపాను. సూది మాత్రం పెట్టకూడదు, లోపల మైకు పాడైపోతుంది. గొంతు కాస్త తేటపడిందన్నారు. తంబూరా మాత్రం రాలేదు.

ఇక నా చెవులతోనే వినాలనిపించింది. అదే యాప్‌లో నా ఫోన్ నుంచి అమ్మకి కాల్ చేశాను. ఒకే గదిలో ఉన్నామేమో, కీచుమని మోత. అమ్మ స్పీకర్ శబ్దం నా మైకులోకి, నాది అమ్మ మైకులోకి తిరుగుతూ పెరుగుతుంది మరి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మేడ మీదికి వెళ్లాను. ఆ పొద్దున్నే సముద్రపు ఉక్క, జాకెట్టు వీపుకి అతుక్కుపోతోంది.

"ఆ తంబూరా శ్రుతిపెట్టె పెట్టమ్మా."

పంచమం (ప), రెండు షడ్జాలు (స), కింది షడ్జం. ఒక్క చుట్టు నిండుగా వినబడింది. ఆ తర్వాత ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు సన్నగిల్లి, సన్నగిల్లి, పోయింది.

"ఆపేశావా?"

"లేదే, మోగుతోంది!"

"అయితే నువ్వు షడ్జం పట్టు. ఆపకు."

రెండు మూడు సెకన్లు అమ్మ గొంతే. ఆపైన అది వణికింది, పలచబడింది, నీళ్లలోంచి వస్తున్నట్టయింది. గబగబా మెట్లు దిగాను. నేను గుమ్మం దాకా వచ్చేసరికి అమ్మ ఊపిరి తీసుకుని మళ్లీ షడ్జం అందుకుంది. గీత గీసినట్టు ఉంది.

దొంగ దొరికింది. ఈ యాప్‌లన్నీ మాటల కోసం చేసినవి. మాట ఆగి ఆగి, ఎగుడుదిగుడుగా వస్తుంది. ఆగకుండా ఒకే తీరున వచ్చేదాన్ని ఫాను, ఏసీ, మోటారు మోత కింద లెక్కేసి ఇవి తీసేస్తాయి. మీటింగుల్లో అది మంచిదే. కానీ తంబూరా చేసే పనే ఆగకుండా ఒకే తీరున మోగడం కదా! అమ్మకి చెబితే కాసేపు ఫోన్ వంకే చూసింది. "అంటే ఇన్నాళ్లూ ఆ పిల్ల శ్రుతి లేకుండానే పాడిందా? అప్పన్నా! నేను దాన్ని తిట్టానే."

సెట్టింగుల్లో ఆడియో కింద "ఒరిజినల్ సౌండ్" అని ఉంది, శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపేది. కొన్ని యాప్‌లలో నాయిస్ తగ్గించేది ఆఫ్ చెయ్యాలి. రెండు వైపులా మార్చాం. ఇలా చేశాక స్పీకర్లో వింటే ఎకో వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని వైరున్న ఇయర్‌ఫోన్స్ తెచ్చి ఒకటి అమ్మ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను. బ్లూటూత్‌వి వద్దన్నాను, మైకు కూడా వాడేటప్పుడు వాటిలో సౌండ్ నాణ్యత తగ్గుతుంది.

తాళంలో పాప వెనకబడే సంగతీ అప్పుడే అర్థమైంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి డల్లాస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. నేరుగా తీగ లాగినా పోయిరావడానికి 140 మిల్లీసెకన్లు కావాలి, అసలు దారి ఇంకా పొడుగు. కలిసి పాడితే పాప ఎప్పుడూ వెనకే ఉంటుంది, అది దాని తప్పు కాదు. ఇకమీదట అమ్మ ఒకసారి, పాప ఒకసారి. శ్రుతి కూడా పాప తన దగ్గరే పెట్టుకుంటుంది.

ఏడున్నరకి మళ్లీ మొదలుపెట్టారు. ముందు అమ్మ "నిన్ను ఊరికే కోప్పడ్డాను తల్లీ" అంది. అది "పర్లేదు నానమ్మా" అని, తన పక్కన తంబూరా పెట్టుకుని సస రిరి గగ మమ ఎత్తుకుంది. రిషభం దగ్గర అమ్మ తల ఊగింది. చెయ్యి దానంతటదే ఒళ్లో తాళం వేస్తోంది.

సగంలో పాప ఆగిపోయి "నానమ్మా, కాకి!" అంది. ఇప్పుడు అన్నీ పోతున్నాయి అక్కడికి. కాకి, వీధిలో స్కూటరు, ఆ వెనకే "తోటకూరా, గోంగూరా" అని ఆకుకూరలావిడ కేక. నేను కిటికీ రెక్క లాగబోయాను.

"ఉండనీవే," అన్నాడు అన్నయ్య ఫోన్‌లో, పాప వెనక నుంచి. "ఆవిడ మలుపు తిరిగేదాకా ఉండనీ."