రైల్వే గ్రౌండు మెట్ల మీది పెద్దలు

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తుంటే అయ్యగారు పేర్లు అడిగారు. తాత పేరు చెప్పాను, నాయనమ్మ పేరు చెప్పాను, బాపు పేరు చెప్పాను. ఆ తర్వాత ఇంకో పేరు చెప్పాను. "ఈయన ఏమయితడు బిడ్డా మీకు?" అన్నారు. ఏమయితడని చెప్పాలి? చుట్టం కాదు, మా కులం కాదు, మా ఊరు కూడా కాదు. "గ్రౌండుల మా బాపు పక్కన కూసునేటోడు" అన్నాను. అయ్యగారు నా మొహం ఒకసారి చూసి, "దోస్తులకు గూడ ఇయ్యొచ్చు, తప్పేం లేదు" అని ఇస్తరిలో బీరకాయ పక్కన ఇంకో దోసెడు బియ్యం పోయించారు. తమ్ముడు గల్ఫ్‌లో ఉంటాడు కాబట్టి ఇంట్లో ఈ పని నా మీదే పడింది. సాయంత్రం ఎంగిలి పూల బతుకమ్మ, ఇంకా పువ్వు కూడా తెంపలేదు. అయినా ఆ ప్రశ్న రోజంతా నన్ను వదల్లేదు.

కాజీపేట రైల్వే కాలనీలో మనుషుల పేర్ల కంటే డ్యూటీలే ఎక్కువ నడుస్తాయి. ఆయన గూడ్స్ బండి గార్డు, కాబట్టి కాలనీ మొత్తానికీ గార్డు కాక. 2022లో రైల్వే ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చింది. కాక అప్పటికే రిటైరైపోయాడు. ఎవరైనా సరదాకి "మేనేజర్ సాబ్" అంటే పలికేవాడు కాదు. మా బాపు డీజిల్ షెడ్డులో ఫిట్టరు. ఇద్దరూ కాలనీ ఫుట్‌బాల్ టీంకి ఆడారు. బాపు లెఫ్ట్ అవుట్, కాక స్టాపర్ బ్యాక్. మోకాళ్లు మొరాయించాక ఇద్దరూ మెట్లెక్కి కూర్చున్నారు, వేపచెట్టు నీడ పడే వైపు.

ఆడే రోజుల్లో బాపు ఎడమ లైను మీద నిలబడి "ఎడమకియ్యిరా!" అని అరిచేవాడట. బాల్ వచ్చింది తక్కువ, అరిచింది ఎక్కువ. ఆట మానేసినా ఆ అరుపు మానలేదు. ఇప్పుడు కూడా ఎడమ వైపు ఒక పిల్లగాడు ఖాళీగా దొరికాడంటే మెట్ల మీద నుంచి ఎవరో ఒకరు "ఎడమకియ్యిరా!" అంటారు. అనేవాళ్లలో సగం మంది బాపును చూసినవాళ్లు కాదు. అది గ్రౌండు మాట అనుకుంటున్నారు. నేనేం చెప్పలేదు, అననివ్వండి.

చివరి ఏళ్లలో షుగర్ బాపు కళ్లను తినేసింది. అయినా ఆదివారం మ్యాచ్ ఉందంటే ఇంట్లో నిలిచేవాడు కాదు. నేనో, మా అబ్బాయో చేయి పట్టుకుని మెట్టు దాకా తీసుకెళ్తే, అక్కడి నుంచి కాక డ్యూటీ మొదలు. ఆట మొత్తం చెవిలో చెప్పేవాడు. ఎవరి కాళ్ల దగ్గర బాల్ ఉంది, ఎవడు తప్పు పాస్ ఇచ్చాడు, రెఫరీ ఎటు చూస్తున్నాడు, అన్నీ. మనవాళ్లు ఓడిపోతుంటే మాత్రం ఒక గోలు కలిపేసేవాడు. బాపు కాసేపు చెవి రిక్కించి, "గోలయితే చప్పట్లేవిరా?" అనేవాడు. "అందరు చాయ్ తాగుతున్రు" అనేవాడు కాక.

అందుకే వాలెన్సియా విగ్రహం గురించి చదివినప్పుడు కళ్లు ఆ ఫోటో దగ్గరే ఆగిపోయాయి. వాలెన్సియా అంటే స్పెయిన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, దానికి మెస్తాయా అని స్టేడియం. అందులో 15వ వరుస, 164వ సీటులో ఒక కంచు మనిషి కూర్చుని ఉంటాడు. విసెంతే నవారో అనే అభిమాని. 54 ఏళ్ల వయసులో చూపు పోయింది. అయినా సీటు వదలకుండా కొడుకుతో వచ్చేవాడు, కొడుకు ఆట చెబుతుంటే వినేవాడు. 2019లో, క్లబ్బుకు వందేళ్లు నిండిన ఏడు, ఆయన సీటులోనే విగ్రహం పెట్టారు. మంచి పనే. నాకు మాత్రం ఒక లోటు కనబడుతుంది, పక్క సీటులో కొడుకు విగ్రహం లేదు. చెప్పేవాడు లేకుండా ఆ మనిషి ఏం వింటాడు?

కరోనా రెండో వేవ్‌లో బాపు పోయాడు. ఆ రోజుల సంగతి అందరికీ తెలిసిందే, నలుగురు కూడా రాలేని చావు. మరుసటి ఏడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్దాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో 1–1, పెనాల్టీల్లో 3–1, గోల్‌కీపర్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. రహీం సాబ్ కాలం తర్వాత హైదరాబాద్ పేరుకు అంత పెద్ద కప్పు వస్తుందని బాపు ఏనాడూ అనుకోలేదు. రహీం సాబ్ కోచ్‌గా మన దేశం ఫుట్‌బాల్‌లో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచింది. మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో పోయాడు. మా మెట్ల మీద ఈ ముక్క వందల సార్లు నడిచేది, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే. ఆ టీంలో చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో పాటు మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పీకే, చునీ ఇద్దరూ 2020లోనే పోయారు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయినప్పుడు గార్డు కాక పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాకు చూపిస్తాడనుకున్నా. చెప్పులు విడిచి లోపలికి పోయి, బాపు ఫోటో కింద కూర్చుని వార్త మొత్తం పైకి చదివాడు, మధ్యలో "ఇంటున్నవా" అని కూడా అన్నాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను.

తర్వాత కాక కూడా పోయాడు. ఆయన పిల్లలు బెంగళూరులో దహనం చేశారు, బూడిద అక్కడే ఏదో నీళ్లలో కలిసింది. మా కాలనీ టీం పోయినవాళ్లను తలుచుకోవాలంటే ఇదే చిక్కు. గోల్‌కీపర్ అంకుల్ ఫాతిమానగర్ వైపు కాథలిక్కుల సమాధుల తోటలో ఉన్నాడు, నవంబర్ 2న సమాధుల పండుగకు వాళ్లింటివాళ్లు కొవ్వొత్తులు పెడతారు. హాఫ్ బ్యాక్ చాచాకు షబే బరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌లో పూలు పడతాయి. బాపుకు పెత్రమాస బియ్యం. ఒకరి దినానికి ఇంకొకరి ఇంటివాళ్లు రారు, రావాలని తోచదు. వాళ్లంతా ఒక్క చోట ఉండేది గ్రౌండులోనే. అక్కడేమో ఒక్కరి పేరూ రాసి లేదు.

మా అబ్బాయిది ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ పిచ్చి. హనుమకొండ చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద కొన్న ఎర్ర జెర్సీ, పక్కా డూప్లికేట్. రెండు ఉతుకులకే రంగు దిగింది. ఆరేస్తుంటే మెడ వెనక చిన్న అంకె కనబడింది, 97, రెండు పక్కలా దీపం మంటలు. సైజు అనుకున్నా. "అది సైజు కాదమ్మా, మనుషులు" అన్నాడు.

1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. గేటు బయట తొక్కిడి ఎక్కువైందని పోలీసులు ఒక గేటు తెరిపించారు. జనమంతా అప్పటికే నిండిపోయిన, నిలబడి చూసే మధ్య అరల్లోకి పోయారు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి తోసుకొస్తున్న మనుషులు. ఆట మొదలైన ఆరో నిమిషంలో ఆపేశారు. పోయినవాళ్లలో చిన్నవాడికి పదేళ్లు, స్టీవెన్ జెరార్డ్‌కు వరసకు అన్న, తర్వాత ఆ క్లబ్బుకే కెప్టెన్ అయిన జెరార్డ్. తప్పు తాగి వచ్చిన అభిమానులదే అన్నారు. ఆ మాట తప్పని, అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. నాకు అన్నిటికంటే పట్టుకున్నది అంకె సంగతి. ఏళ్ల తరబడి అది 96. ఆ రోజు మెదడు దెబ్బతిన్న ఒకాయన 32 ఏళ్లు బతికి 2021లో పోయాడు. ఆ చావుకూ కారణం ఆనాటి తొక్కిసలాటే అని అధికారికంగా తేల్చారు, అంకె 97 అయింది. మన చౌరస్తా డూప్లికేట్ జెర్సీలో బట్ట కల్తీ, రంగు కల్తీ, అంకె మాత్రం సరిగ్గా ఉంది.

అంత దూరం ఎందుకు, 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గొడవ జరిగి 16 మంది ప్రేక్షకులు పోయారు. అక్కడ ఏటా అదే తేదీన ఫుట్‌బాల్ ప్రేమికుల దినం అని రక్తదానం చేస్తారు. రెండు క్లబ్బుల రక్తం ఒకే డబ్బాలో పోతుంది. మన దగ్గర రక్తదానం లీడర్ల పుట్టినరోజులకే పేటెంటు అయిపోయింది గానీ, ఇది నాకు బాగా నచ్చింది.

ఇంగ్లండ్‌లో ఎవర్టన్ క్లబ్బు అభిమానులైతే బూడిద తెచ్చి గుడిసన్ పార్క్ మైదానం అంచున పూడ్చేవాళ్లు. 800 మందికి పైనే అక్కడ ఉన్నారంటారు. చోటు లేక 2004లో ఆపేశారు. 2025 మేలో మగవాళ్ల టీం అక్కడ చివరి మ్యాచ్ ఆడి కొత్త స్టేడియానికి వెళ్లిపోయింది. పాత గ్రౌండును కూల్చకుండా ఆడవాళ్ల టీంకి ఇచ్చారు, కాబట్టి ఆ 800 మందికి ఆట తప్పలేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. అదే ఏడు క్లబ్బును మూటగట్టి ఢిల్లీకి తీసుకుపోయారు, పేరు కూడా మార్చారు. గచ్చిబౌలి స్టేడియంలో తాతతోనో, నాన్నతోనో కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఎవరి మ్యాచ్‌లో తలుచుకోవాలి? కప్పు గెలిచిన క్లబ్బు మూడేళ్లకే ఊరు దాటిపోతే నాకింకా కోపమే.

ఇక మా గ్రౌండు సంగతి. రెండు నిమిషాల మౌనం మాకు పడదు. ఒకసారి పెట్టారు, సరిగ్గా అప్పుడే గూడ్స్ బండి హారన్ కొట్టుకుంటూ పోయింది, అందరూ నవ్వారు. గార్డు కాక ఉంటే బండిలో ఎన్ని వ్యాగన్లో లెక్కపెట్టేవాడు. పిల్లలు టీవీలో చూసి చప్పట్లు అన్నారు. అక్కడ పోయినవాళ్ల వయసెంతో ఆ నిమిషంలో చప్పట్లు కొడతారట. 2025 జులైలో కారు ప్రమాదంలో పోయిన లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటాకైతే జెర్సీ నంబరు లెక్క, ప్రతి మ్యాచ్ 20వ నిమిషంలో లివర్‌పూల్ జనం అతని పాట అందుకుంటారు. మా అబ్బాయి కూడా టీవీ ముందు లేచి నిలబడతాడు. వయసు లెక్క మాకు కుదరలేదు. మాది సగానికి ముప్పై నిమిషాల ఆట. డెబ్బై దాటి పోయినవాళ్లకు మా మ్యాచ్‌లో నిమిషమే లేదు. చివరికి నంబరు లెక్కే పట్టారు, బాపుకు 11, కాకకు 5. పదకొండో నిమిషం అనగానే ఒక పెద్దమనిషి "దినం గూడ పదకొండోదే గదా, మంచిగ కలిసింది" అని తృప్తిపడ్డాడు.

మన దగ్గర అసలు పద్ధతి స్మారక టోర్నమెంటు. జ్ఞాపకార్థం అని షీల్డు, ఫస్టు ప్రైజు కొడుకులది, సెకండ్ ప్రైజు అల్లుళ్లది. సంక్రాంతికి మేమూ పెట్టాం, బాపు, కాక పేర్ల మీద. ఫ్లెక్సీ చూస్తే పై సగం ఒక లీడరు నమస్కారం, కింద ఆయన అనుచరులు, మూలన పాస్‌పోర్టు సైజులో బాపు, కాక. డబ్బులిచ్చినవాళ్ల ఫోటో పెద్దగా ఉండాలట. ఆ మధ్యాహ్నం గాలికి ఫ్లెక్సీ చినిగింది, నేను మేకు కొట్టనివ్వలేదు.

ఈసారి ఫ్లెక్సీ వద్దు, ఆ డబ్బుతో జెర్సీలు కొందాం అని కుర్రాళ్లు తీర్మానం చేశారు. మెడ వెనక ఒక అంకె వేయిద్దాం, కాలనీ గ్రౌండుకు వచ్చి పోయినవాళ్లు ఎంతమందో అంత. ఐడియా ఎవరిదో చెప్పక్కర్లేదు. లెక్క మొదలెట్టగానే గొడవ మొదలైంది. ఆడినవాళ్లేనా, చూసినవాళ్లు కూడానా? బదిలీ మీద గుంతకల్లు పోయి అక్కడ చనిపోయినవాళ్ల సంగతేంటి? ప్రతి మ్యాచ్‌కీ వచ్చి అవతలి టీంకే చప్పట్లు కొట్టిన టీసీ అంకుల్‌ని కలపాలా? ఆయన్ని కలపాల్సిందే అని గోల్‌కీపర్ అంకుల్ కూతురు పట్టుబట్టింది. తిట్టడానికి మనిషి లేకపోతే అదేం మ్యాచ్ అంది. టీసీ అంకుల్ చేరాడు.

ఇప్పుడు మిగిలింది చాయ్ అవ్వ. ముప్పై ఏళ్లు గేటు పక్కన స్టవ్ పెట్టింది, ఒక్క ఆటా చూడలేదు, వీపు గ్రౌండు వైపు తిప్పి కూర్చునేది. గోలు పడితే మాత్రం వెనక్కి తిరగకుండానే "ఎవడు ఏసిండు?" అనేది. సెక్రెటరీ తమ్ముడు ఆమె సపోర్టర్ కాదంటున్నాడు. ప్రింటింగ్ షాపాయన అంకె చెప్పమని రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఆలస్యమైతే టోర్నమెంటుకు అందవంటున్నాడు. గ్రూపులో ఓటింగ్ పెట్టారు. నేను కలపాలనే వేశాను. బాపు ఖాతా ఇంకా ముప్పై ఆరు రూపాయలు ఆమెకు బాకీ.